రంగుకు రేటు కట్టిన రాజ్యం

1763లో మెక్సికో చిత్రకారుడు మిగెల్ కబ్రేరా పదహారు కుటుంబాల బొమ్మలు గీశాడు. ఎవరికి ఎవరికి పుట్టిన బిడ్డ ఏ జాతి కింద లెక్కో బొమ్మ మీదే రాసి ఉంటుంది. స్పెయిన్ దొరకూ ఆదివాసి స్త్రీకీ పుట్టిన పాప మెస్తీసా. వరసలో ముందున్నవాళ్లకు పట్టుబట్టలు, లేసులు. చివరికి వచ్చేసరికి చిరుగుల గుడ్డలు. కబ్రేరా గొప్ప పనివాడు. అంత ప్రేమగా గీసిన ముఖాలను అంత కర్కశమైన వరసలో నిలబెట్టాడే అని మనసు కలుక్కుమంటుంది.

ఆ వరస బొమ్మలతో ఆగలేదు. 1795లో స్పెయిన్ రాజు తన అమెరికా వలసలకు పంపిన రుసుముల పట్టికలో, ఆఫ్రికా రక్తం కలిసిన 'పార్దో' అన్న ముద్ర తొలగించుకోవడానికి 500 రెయాళ్లు అని ఉంది. తెల్లవాడి హోదాకు సర్కారే ధర పెట్టిందన్నమాట! 1821లో స్పెయిన్ వెళ్లిపోయినా ఆ కొలత మెక్సికోలో మిగిలిపోయింది. 1911 దాకా ఏలిన పోర్ఫిరియో దియాస్‌ది తల్లివైపు మిష్టెక్ ఆదివాసి రక్తం. ఆయన తెల్లగా కనబడాలని పౌడరు దట్టించేవాడని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు.

విప్లవం దియాస్‌ను దించింది. 1921లో, స్వాతంత్ర్యానికి నూరేళ్లు నిండిన వేళ, 'ఎల్ ఉనివెర్సాల్' పత్రిక 'ఇండియా బొనీతా' పేరుతో ఆదివాసి అమ్మాయిలకు అందాల పోటీ పెట్టింది. ప్వేబ్లా కొండప్రాంతపు మరియా బిబియానా ఉరీబె గెలిచింది. ఆదివాసి ముఖం అందమైనదని ఒక పెద్ద పత్రిక ప్రకటించడం చిన్న విషయం కాదు. అయితే తీర్పు చెప్పింది నగరంలోని చదువుకున్న మగవాళ్లు. వాళ్లలో ఒకడు మానవశాస్త్రజ్ఞుడు మాన్యుయెల్ గామియో. ఆ పిల్లను పిల్లగా కాక, జాతికి నమూనాగా చూశారని నాకనిపిస్తుంది.

చిత్రకారిణి ఫ్రీదా కాలో దగ్గర మాత్రం తీర్పరీ ఆమే, బొమ్మా ఆమే. కలిసిపోయిన కనుబొమలు, పెదవి మీది నూగు దాచకుండా గీసుకుంది. తెవాంతెపెక్ ప్రాంతపు ఆదివాసి స్త్రీల దుస్తులు కట్టుకుంది. ఒక్క మాట మాత్రం చెప్పుకోవాలి. జర్మన్ తండ్రికి పుట్టిన ఫ్రీదాకు ఆ కట్టు పేరు తెచ్చింది. అలాంటి కట్టుతోనే నగరంలో అడుగుపెట్టిన ఆదివాసి స్త్రీకి దక్కింది చిన్నచూపు.

'వోగ్ మెక్సికో' 2019 జనవరి సంచికకు ఒహాకా రాష్ట్రపు ఆదివాసి యువతి యాలిత్సా అపారిసియో ముఖచిత్రమైంది. 'రోమా' సినిమాకు ఉత్తమ నటిగా ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. కొద్ది వారాలకే ఒక టీవీ నటుడు ఆమెను జాతి పేరుతో తిట్టిన వీడియో బయటపడింది. ఆ తర్వాత క్షమాపణ చెప్పాడు.

ముఖచిత్రాలు మారడం మంచిదే. కానీ 2017లో మెక్సికో గణాంక సంస్థ వెలువరించిన సర్వేలో, తమ రంగు ముదురని చెప్పుకున్నవాళ్లకు చదువు తక్కువని తేలింది. వాళ్ల పిల్లలకు మంచి బడి, మంచి ఉద్యోగం అందించే బాధ్యత ప్రభుత్వానిది. ఆ పని ఇంకా బాకీ ఉంది.