కారే కుళాయి కథ

రాత్రి పదిన్నరకి ఇల్లంతా సద్దుమణిగాక ఒక్క చప్పుడు మాత్రం మిగులుతుంది. టప్. కాస్త ఆగి మళ్ళీ టప్. వంటింటి కుళాయి! లేచి వెళ్ళి, ఉన్న బలమంతా పెట్టి బిగిస్తాను. ఆగుతుంది. వచ్చి పడుకున్నానో లేదో మళ్ళీ టప్.

మా ఇంట్లో ఇది నెల రోజులపాటు సాగిన భాగోతం. మావారితో చెబితే, "గట్టిగా తిప్పాలోయ్" అన్నారు. మా అబ్బాయితో చెబితే చెవుల్లో దూది పెట్టుకోమన్నాడు. వాళ్ళ గది వీధివైపు, నా పక్క వంటింటి గోడకి ఆనుకుని. ఇంకేం చెప్పను?

చివరికి ఓ రాత్రి పది గంటలకి దాని కింద గిన్నె పెట్టి పడుకున్నాను. తెల్లారి అయిదింటికి కొలిస్తే లీటరున్నర తేలింది. 7 గంటలకి లీటరున్నర అంటే రోజుకి 5 లీటర్లు. ఏడాదికి 1,800 లీటర్ల పైమాటే. 15 లీటర్ల బిందె లెక్కన 120 బిందెలు! మా చిన్నప్పుడు అమ్మ వీధి కుళాయి నుంచి రోజుకి ఆరు బిందెలు మోసేది. అంటే అమ్మ ఇరవై రోజుల చాకిరీ నా తూములోంచి వృథాగా పోతోందన్నమాట. ఆ లెక్క తేలాక మనసు ఆగలేదు. ప్లంబరుకి కబురు పెట్టాను.

అతను కుళాయి విప్పి, "ఎన్నాళ్ళనించి కారుతోందమ్మా?" అన్నాడు.

"నెలయింది నాయనా."

"గట్టిగా బిగించేవారా?"

"రోజూ బిగించేదాన్ని."

"అదేనమ్మా చెడగొట్టింది" అని అరచేతిలో ఓ నల్లటి బిళ్ళ పెట్టి చూపించాడు. పాత అర్ధరూపాయి బిళ్ళంత వాషరు. మధ్యలో గుండ్రంగా గాడి పడి, అంచు చిరిగిపోయి ఉంది. దాని ఖరీదు అయిదు రూపాయలట. అయితే కథ అక్కడితో అయిపోలేదు. వాషరు అరిగినా నేను బిగిస్తూ పోయేసరికి, అది ఆనుకునే ఇత్తడి అంచుకి కూడా గాట్లు పడ్డాయి. ఆ సందులోంచి నీళ్ళు ఒత్తిడితో చిమ్మి, గాటుని ఇంకా కోసేశాయి. ఇక కొత్త వాషరు వేసినా ఆగదు. కుళాయి మార్చాల్సిందే. కుళాయికి 850, అతనికి 400, మొత్తం 1,250 రూపాయలు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఇదే కదూ!

అతను వెళ్ళాక ఆ చిరిగిన బిళ్ళని చూస్తూ కూచున్నాను. ఇంత చిన్న వస్తువు ఇంత నీటిని ఎలా ఆపుతోంది? అసలిది రాకముందు జనం ఏం చేసేవారు? ఆ కుతూహలంతో పుస్తకాలు తిరగేస్తే, కారే కుళాయికి మనం అనుకున్నదానికంటే పెద్ద చరిత్రే ఉందని తెలిసింది.

రోము నగరంలో రెండువేల ఏళ్ళ కిందటే ధనవంతుల ఇళ్ళకి సీసపు గొట్టాల్లో నీళ్ళు వచ్చేవి. లాటిన్‌లో సీసాన్ని 'ప్లంబం' అంటారు. మన ప్లంబరు పేరు అందులోంచి పుట్టిందే. పాంపే నగరపు శిథిలాల్లో కంచు కుళాయిలు కూడా దొరికాయి. క్రీ.శ. 97లో ఫ్రాంటినస్ అనే పెద్దమనిషిని రోము నీటి సరఫరాకి అధికారిగా వేశారు. ఆయన రాగానే లెక్కలు చూసుకుని గుండె బాదుకున్నాడు. బయలుదేరిన నీటికీ, చేరిన నీటికీ పొంతన లేదు. కొంత కారిపోతోంది, కొంత దొంగచాటుగా గొట్టాలకి చిల్లులు పొడిచి మళ్ళించుకుంటున్నారు. ఆ దొంగల్లో నీటిశాఖ సిబ్బందే ఉన్నారట! అప్పటికి మరమ్మతులకని నియమించిన మనుషులు 700 మంది. అంతమంది ఉండీ కారుడు ఆగలేదంటే, నా ఒక్కదాని చేతకానితనం మీద నాకు కాస్త జాలి కలిగింది.

ఆ రోజుల కుళాయి చాలా సాదా వస్తువు. అడ్డంగా చిల్లి ఉన్న ఓ బిరడాని గొట్టంలో దిగేశారన్నమాట. తిప్పితే చిల్లి గొట్టానికి ఎదురుగా వచ్చి నీళ్ళు వస్తాయి, మళ్ళీ తిప్పితే ఆగుతాయి. లోహానికి లోహం రాపిడి. నీళ్ళలో ఇసక నలుసు పడితే గీత పడుతుంది, గీత పడితే కారుతుంది. ఇంకో చిక్కు, అది ఒక్కసారిగా మూసుకుంటుంది. పరుగెత్తే నీటిని అలా ఠక్కున ఆపితే ఆ దెబ్బ గొట్టానికి తగిలి అతుకులు ఊడతాయి. అయినా పందొమ్మిదో శతాబ్దం దాకా ఆ కుళాయితోనే లోకం గడిపింది.

ఎలా గడిపిందీ అంటే, నీళ్ళు రోజంతా రాకపోబట్టి! లండన్ మహానగరంలో నీటి కంపెనీలు వారంలో కొన్ని రోజులు, రోజుకి రెండు మూడు గంటలు మాత్రం నీళ్ళు వదిలేవి. జనం తొట్లలో, పీపాల్లో పట్టుకునేవారు. బీదపేటల్లో ఒక్క కుళాయి దగ్గర ఆడవాళ్ళూ, పిల్లలూ బారులు తీరేవారు. ఇదంతా ఎక్కడో విన్నట్టు లేదూ? మన వీధి కుళాయిల కథ వాళ్ళు మనకంటే ముందే అనుభవించారు.

1831లో నాటింగ్‌హామ్ ఊళ్ళో థామస్ హాక్స్‌లీ అనే కుర్ర ఇంజనీరు రాత్రింబవళ్ళు ఒత్తిడితో నీళ్ళివ్వడం మొదలుపెట్టాడు. అప్పటికి ఆయనకి పాతికేళ్ళయినా నిండలేదు. ఇతర కంపెనీలు ససేమిరా అన్నాయి. "ఇరవై నాలుగు గంటలూ వదిలితే ఇళ్ళలో కుళాయిలు కారీ కారీ మా చెరువులు ఎండిపోతాయి" అన్నది వాళ్ళ వాదన. అందులో నిజం లేకపోలేదు. అంటే చూడండి, ఊరికి రోజంతా నీళ్ళు రావాలా వద్దా అన్న పెద్ద ప్రశ్న చివరికి వంటింటి కుళాయిలోంచి పడే బొట్టు దగ్గరకొచ్చి ఆగింది.

దానికి జవాబు 1845లో రోథర్‌హామ్ అనే ఊళ్ళో దొరికింది. గెస్ట్ అండ్ క్రైమ్స్ అనే ఇత్తడి సామాన్ల కంపెనీవాళ్ళు మరతో దిగే కుళాయికి పేటెంటు పొందారు. మనం ఎరిగిన కుళాయి అదే. తిప్పినకొద్దీ మర కిందికి దిగుతుంది. దాని కొసన మెత్తటి బిళ్ళ ఉంటుంది. అది నీటి రంధ్రం అంచుమీద కూచుని మూసేస్తుంది. మెల్లిగా మూస్తుంది కాబట్టి గొట్టానికి దెబ్బ తగలదు. ఇత్తడికి ఇత్తడి రాపిడి లేదు. అరిగితే ఆ బిళ్ళే అరుగుతుంది. అది పోతే ఇంకోటి వేసుకోవచ్చు. ఇందులో కిటుకంతా అదే. విలువైన భాగం చెడకుండా ఉండటానికి చవక భాగాన్ని ముందు నిలబెట్టారు. అది అరిగిందని చెప్పడానికే కుళాయి టప్ టప్‌మంటుంది. నేనేమో ఆ మాట వినిపించుకోకుండా దాని పీక నొక్కాను!

కుళాయి వచ్చినంత మాత్రాన ఊళ్ళు మారిపోలేదు. లివర్‌పూల్‌లో నీటి వృథా భరించలేక, రోజంతా ఇచ్చే నీళ్ళని మానేసి వేళలు పెట్టారు. 1873లో అక్కడి ఇంజనీరు జార్జి డీకన్ ఓ మీటరు తయారుచేశాడు. గడియారంతోపాటు తిరిగే కాగితం మీద పెన్సిలు గీత గీస్తూ, ఒక్కో పేటకి నీళ్ళెంత వెళ్తున్నాయో చూపించేది. అర్ధరాత్రి ఊరంతా నిద్రపోయాక కూడా ఆ గీత కిందికి దిగలేదంటే, అక్కడ ఏవో కారుతున్నట్టే కదా? అప్పుడు మనుషులు వెళ్ళి వీధిలో గొట్టాలకి ఇనపకడ్డీ ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని వినేవారట. చప్పుడు వినిపించిన ఇంటికి పొద్దున్నే నోటీసు! నాలాగే రాత్రిళ్ళు కుళాయి చప్పుడు విన్నవాళ్ళు వాళ్ళు. కాకపోతే వాళ్ళకి జీతం ఇచ్చారు.

ఇక మనవైపు రండి. గొట్టాల్లో నీళ్ళు మనకి కొత్త కాదు. గోల్కొండ కోటకి దుర్గం చెరువు నీళ్ళు వచ్చేవి. అంచెలంచెలుగా చక్రాలతో ఎత్తి, మట్టి గొట్టాల్లో పైకి పంపేవారు. కాని ఇంటింటికీ కుళాయి అన్నది ఇంగ్లీషువాళ్ళ హయాంలో మొదలైన మాట. 1953దాకా కోస్తా, రాయలసీమవాళ్ళకి రాజధాని అయిన మద్రాసుకి 1872లో రెడ్ హిల్స్ చెరువు నీళ్ళు వచ్చాయి. వాటిని ఇసకలో వడకట్టే ఏర్పాటు కీల్పాక్‌లో 1914కి గాని జరగలేదు. హైదరాబాదులో 1908 సెప్టెంబరులో మూసీ వరద ముంచేశాక విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఆ తర్వాత 1920కి గండిపేట చెరువు, 1927కి హిమాయత్ సాగర్ తయారయ్యాయి. వరద ఆపడానికి కట్టినవే నల్లాలకి నీళ్ళిచ్చాయి. గండిపేట నీళ్ళు తాగినవాళ్ళు హైదరాబాదు వదిలిపోరన్న మాట మీరూ వినే ఉంటారు.

అన్నట్టు, మన ఇళ్ళలో కుళాయికి ఇంకో చిక్కు ఎదురైంది. అప్పటి వాషర్లు తోలువి! తోలు తగిలిన నీళ్ళు మడికి ఎలా పనికొస్తాయి? పైగా ఒకే గొట్టంలో నీళ్ళు అన్ని కులాలవాళ్ళ ఇళ్ళకీ పోతాయి. మా అమ్మమ్మ ఇంట్లో కుళాయి వేయించిన చాలా ఏళ్ళవరకూ వంటకీ, దేవుడికీ నూతినీళ్ళే. కుళాయి వాకిట్లో ఉండగానే, మా అత్తయ్య తడిబట్టతో పెరట్లో నలభై చేదలు తోడేది. తోలు బిళ్ళని తప్పించుకోవడానికి ఆవిడ చేతులు బొబ్బలెక్కేవి. కుళాయి చేసే మేలుని ఆవిడదాకా రానివ్వలేదు మన ఆచారం. ఆ గొట్టం కులం అడక్కుండా నీళ్ళిచ్చింది. అడిగింది మనమే.

1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ అనే అమెరికావాడు రబ్బరులో గంధకం కలిపి వేడిచేస్తే అది గట్టిపడి నిలుస్తుందని కనిపెట్టాడు. పోను పోను తోలు పోయి రబ్బరు వాషర్లు వచ్చాయి. మా మావయ్య ఓ రోజు కుళాయి విప్పి, వాషరు అమ్మమ్మ ముందు పెట్టి, "ఇది తోలు కాదే అమ్మా, రబ్బరు. చెట్టుపాలు. చెట్టుపాలకి మైలేమిటి?" అన్నాడట. అమ్మమ్మ చాలాసేపు ఆలోచించి, "అయితే కాళ్ళు కడుక్కోడానికి వాడదాంలే" అందట. వంటింటిదాకా రావడానికి దానికి మరో రెండేళ్ళు పట్టింది. అత్తయ్యకి మాత్రం ఆ రెండేళ్ళూ ఎలా గడిచాయో ఎవరూ అడగలేదు.

సరే, కథ విన్నారు గనక నా అనుభవంలోంచి నాలుగు ముక్కలు చెబుతాను. కుళాయి మూతిలోంచి కారితే చాలావరకు దోషం వాషరుది. పిడి దగ్గర, తిప్పినప్పుడల్లా ఊరితే లోపలి కాండానికి చుట్టిన బిగింపు వదులైందన్నమాట. బోరు నీళ్ళయితే ఉప్పు గారకట్టి వాషరు సరిగా కూచోదు. ఈమధ్య వచ్చే పావుచుట్టు కుళాయిల్లో రబ్బరుకి బదులు రెండు నున్నటి సిరామిక్ బిళ్ళలు ఒకదానిమీద ఒకటి జరుగుతాయి. వాటికి నలుసే శత్రువు. అవి పాడైతే లోపలి భాగం మొత్తం మార్చాలి. ఏదైనా సరే, బలం పెట్టి బిగించడం మాత్రం మందు కాదు.

మీటరున్న ఇల్లయితే డీకన్‌గారి ఉపాయం మనకీ పనికొస్తుంది. రాత్రి అన్ని కుళాయిలూ కట్టేసి మీటరు అంకె రాసుకోండి. తొట్టిలోకి నీళ్ళు పట్టకుండా ఉంచి, పొద్దున్నే చూడండి. అంకె మారితే ఎక్కడో కారుతున్నట్టే. హైదరాబాదులో 2021 జనవరిలో నెలకి 20,000 లీటర్లదాకా ఉచితమని, మీటరుండాలని షరతు పెట్టినప్పుడు, "ఉచితమైతే కారితేనేం?" అన్నవాళ్ళని నేనెరుగుదును. నీళ్ళకి డబ్బు కట్టకపోయినా, కుళాయికి కట్టాలి, ప్లంబరుకి కట్టాలి. నిద్ర ఖరీదు ఎవరు కడతారు?

చరిత్ర పుస్తకాల్లో కంపెనీలకి ఎన్ని గాలన్లు నష్టమో ఉంది. పేటెంట్లు ఎవరివో ఉంది. బారులో నిలబడ్డ ఆడవాళ్ళ గంటలకీ, మా అమ్మ ఆరు బిందెలకీ, అత్తయ్య నలభై చేదలకీ ఎక్కడా పద్దు లేదు. నేను గిన్నె పెట్టి కొలిచింది కూడా అందుకేనేమో.

కొత్త కుళాయి వచ్చి వారమైంది. అయిదు రూపాయల వాషర్లు రెండు కొని పోపులపెట్టె పక్కన దాచాను. మొన్న రాత్రి మావారు నిద్రలోంచి లేచి, "ఏమిటోయ్, ఇల్లింత నిశ్శబ్దంగా ఉందేమిటి?" అన్నారు. అంటే నెలరోజులూ ఆయనకీ వినిపిస్తూనే ఉందన్నమాట!