ఎన్నికైన సర్పంచి, లెక్కలు రాసే కరణం: పంచాయతీరాజ్ చరిత్రలో పాతికేళ్ల సహజీవనం

తెలుగులో ‘పంచాయతీ’ అనే మాట రెండు అర్థాల్లో వాడుకలో ఉంది. ఒకటి చట్టం నిర్వచించిన స్థానిక సంస్థ. రెండోది తగవు, లేదా ఆ తగవు తీర్చే పెద్దమనుషుల కూటమి. ‘పంచాయితీ పెట్టారు’, ‘పంచాయితీ తెగలేదు’ వంటి పలుకుబళ్లలో ఉన్నది ఈ రెండో అర్థమే. చరిత్రలోనూ ఇదే ముందుది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1816 నాటి రెగ్యులేషన్లు గ్రామ మునసబుకు చిన్నపాటి సివిల్ వ్యాజ్యాలను విచారించే అధికారాన్నిచ్చాయి; గ్రామ పంచాయతీలను కూడా వ్యాజ్య పరిష్కారం కోసమే గుర్తించాయి. బాటలు, పారిశుద్ధ్యం, తాగునీరు వంటి బాధ్యతలు ఆ పేరుతో ముడిపడడం తరువాతి పరిణామం. 1882 నాటి రిప్పన్ తీర్మానం, 1884 మద్రాసు లోకల్ బోర్డుల చట్టం, 1920 గ్రామ పంచాయతీల చట్టం ఈ పరిణామంలో ప్రధాన ఘట్టాలు.

ఈ చట్టాలు ఊరికి సభను ఇచ్చాయిగాని ఊరి లెక్కలను ఆ సభకు అప్పగించలేదు. పంచాయతీరాజ్ చరిత్రను ఎన్నికల చరిత్రగా మాత్రమే చదివితే ఈ అంశం మరుగున పడుతుంది. కోస్తా, రాయలసీమ ప్రాంతాల్లో కరణం, మునసబు. తెలంగాణలో పటేలు, పట్వారీ గ్రామ రెవెన్యూ యంత్రాంగానికి మూలస్తంభాలు. శిస్తు వసూలు, అడంగలు, పహాణీ నమోదు వారి చేతుల్లో ఉండేవి. 1895 మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం ఈ పదవుల వారసత్వానికి శాసనబద్ధమైన రూపమిచ్చింది.

స్వాతంత్ర్యానంతరం 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకం ప్రారంభమైంది. ప్రజల భాగస్వామ్యం దాని ఆశయం. ఆచరణలో అది అధికారుల కార్యక్రమంగానే మిగిలింది. పథకాన్ని సమీక్షించిన బల్వంతరాయ్ మెహతా సంఘం 1957 నవంబరులో నివేదిక సమర్పిస్తూ, గ్రామ పంచాయతీ, పంచాయతీ సమితి, జిల్లా పరిషత్తు అనే మూడంచెల వ్యవస్థను సూచించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1958లో తాత్కాలిక సమితులతో ప్రయోగం చేసి, 1959 చట్టం ద్వారా ఆ ఏడాది నవంబరు 1 నుంచి కొత్త వ్యవస్థను అమలులోకి తెచ్చింది. రాజస్థాన్‌లోని నాగౌర్ తరువాత షాద్‌నగర్‌లో నెహ్రూ దీనికి ప్రారంభోత్సవం చేశారు. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల వేర్వేరు గ్రామ పంచాయతీ చట్టాలను 1964 చట్టం ఏకం చేసింది.

ఈ దశలోనే ఒక వైరుధ్యం స్పష్టమైంది. సర్పంచి పదవికి ఎన్నిక ఆధారం. కరణం పదవికి పుట్టుక ఆధారం. తెనాలి తాలూకాలోని ఒక గ్రామ మునసబు పదవికి సంబంధించిన వివాదంలో సుప్రీంకోర్టు 1960 డిసెంబరులో, వారసత్వం ప్రాతిపదికన ఉద్యోగమివ్వడం రాజ్యాంగంలోని 16వ అధికరణానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. వారసత్వ హక్కు న్యాయపరంగా నిలవలేదు. ఆ పదవులు మాత్రం మరో రెండు దశాబ్దాలకు పైగా కొనసాగాయి.

రెవెన్యూ పాలన వేరు, అభివృద్ధి పాలన వేరు కనుక ఈ సహజీవనంలో వైరుధ్యం లేదని వాదించవచ్చు. శాఖల విభజన దృష్ట్యా ఆ వాదన సరైనదే. గ్రామీణుడి అనుభవంలో ఆ రెండూ విడివిడిగా ఉండవు. సాగుదారుగా గుర్తింపు పొందడానికైనా, భూమిని హామీగా చూపి అప్పు తీసుకోవడానికైనా భూమి లెక్కే ఆధారం. పథకాన్ని మంజూరు చేసే సభ ఒకచోట, దానికి అర్హతను నిరూపించే కాగితం మరొకచోట ఉన్నప్పుడు, భూమి పేరున లేని కౌలుదారుకు ఓటు ఒక్కటే సరిపోదు.

1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం గ్రామాధికారుల పదవులను ఆర్డినెన్సు ద్వారా రద్దు చేసింది. 1986 చట్టం 300కు పైగా ఉన్న సమితుల స్థానంలో వెయ్యికి పైగా మండల ప్రజా పరిషత్తులను ఏర్పరచి, వాటి అధ్యక్షులకు ప్రత్యక్ష ఎన్నికను నిర్దేశించింది. 1978లో అశోక్ మెహతా సంఘం సూచించిన మండల పంచాయతీకీ దీనికీ పేరులో పోలిక ఉన్నా స్వరూపంలో భేదముంది: ఆ సంఘం 15,000 నుంచి 20,000 జనాభాకు ఒక మండల పంచాయతీని మౌలిక అంచెగా భావించగా, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ పంచాయతీ యథాతథంగా నిలిచింది. అయితే కరణం చేతి నుంచి జారిన లెక్కలు సర్పంచి చేతికి రాలేదు. ప్రభుత్వోద్యోగుల అధీనంలోకి వెళ్లాయి.

1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ క్రమబద్ధమైన ఎన్నికలకు, మహిళలకు మూడోవంతుకు తగ్గని రిజర్వేషన్లకు హామీ ఇచ్చింది. అధికారాల బదిలీని మాత్రం 243-జి అధికరణం రాష్ట్ర శాసనసభల విచక్షణకు వదిలింది. పదకొండవ షెడ్యూలులోని 29 అంశాల్లో భూసంస్కరణల అమలు ఉంది. భూమి రికార్డుల నిర్వహణ లేదు. 2000 దశకం తొలినాళ్లలో గ్రామ పరిపాలనాధికారులను పంచాయతీ కార్యదర్శులుగా మార్చి లెక్కలను పంచాయతీకి చేరువ చేసే యత్నం జరిగింది. ఆ దశకంలోనే గ్రామ రెవెన్యూ అధికారి పేరుతో ఆ బాధ్యతను తిరిగి వేరుచేశారు. తెలంగాణ ఆ పదవిని 2020లో రద్దుచేయగా, ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి గ్రామ సచివాలయం పంచాయతీ పక్కన మరో కేంద్రంగా నిలిచింది.

ఈ క్రమాన్ని బట్టి, వంశపారంపర్యాధికారం తొలగడమూ ప్రజాధికారం స్థిరపడడమూ ఒకే సంఘటన కావని తేలుతుంది. మొదటిది 1984లో ఒక్క ఆర్డినెన్సుతో పూర్తయింది. రెండోది, ఊరి లెక్క ఊరి సభ ముందు తెరుచుకున్నప్పుడే పూర్తవుతుంది.