బొమ్మ ఓడేగా అనకండి

మొన్నామధ్య ఒక స్నేహితుడి గృహప్రవేశానికి వెళ్ళాను. హాల్లో టీవీ పక్కన అద్దాల పెట్టెలో ఒక తెరచాప ఓడ కనిపించింది. మూడు తెరచాప కొయ్యలు, వెంట్రుకంత సన్నటి తాళ్ళు, పక్కన వరసగా ఫిరంగుల కిటికీలు. ఎంతయిందిరా అంటే ఇరవై రెండు వేలన్నాడు. అక్కడే కూర్చున్న వాళ్ళ పెదనాన్నగారు కాఫీ గ్లాసు కింద పెట్టి, "బొమ్మ పడవకి ఇరవై రెండు వేలా? కనీసం నీళ్ళలో వేస్తే తేలుతుందా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చాక మాత్రం ఆ ప్రశ్న వదల్లేదు. తేలడం కోసం కాకపోతే, మనుషులు వేల ఏళ్ళుగా ఓడ బొమ్మలు ఎందుకు చేస్తున్నట్టు? నాలుగు వారాంతాలు దీని మీద పడి చదివాక నాకు అర్థమైంది ఒక్కటే. ఓడ మునుగుతుంది, కుళ్ళుతుంది, చివరికి పాత కలప కింద అమ్ముడైపోతుంది. చాలాసార్లు మిగిలేది బొమ్మే. కొన్నిసార్లు ఓడ పుట్టకముందే దాని జాతకం చెప్పేది కూడా ఆ బొమ్మే.

మొదటి నుంచీ వద్దాం.

1920లో అమెరికాలోని మెట్రోపాలిటన్ మ్యూజియం తరఫున హెర్బర్ట్ విన్‌లాక్ ఈజిప్టులో తవ్వకాలు చేస్తుంటే, మెకెత్రే అనే పెద్ద అధికారి సమాధిలో దొంగల కంట పడని ఒక చిన్న గది బయటపడింది. దాని నిండా చెక్క బొమ్మలు, వాటిలో పడవలు బోలెడు. దాదాపు నాలుగువేల ఏళ్ళ నాటివి. తెడ్లు వేసే మనుషులున్నారు, నీడలో కూర్చున్న అయ్యగారున్నారు, వెనకాలే వంట చేసుకుంటూ వచ్చే పడవ కూడా ఉంది. చనిపోయాక చేసే ప్రయాణంలో పనికొస్తాయని పెట్టారు. 1922లో దొరికిన టుటన్‌ఖామున్ సమాధిలోనైతే 35 పడవ బొమ్మలున్నాయి. మన గుజరాత్‌లోని లోథల్లో కూడా సింధు నాగరికత నాటి మట్టి పడవలు దొరికాయి, ఒకదానికి తెరచాప కొయ్య గుచ్చడానికి బెజ్జం ఉంది. ఆ బెజ్జం ఒక్కటే చాలు, వాళ్ళకి తెరచాప తెలుసని చెప్పడానికి!

యూరప్‌లో మొక్కుబడి ఓడలు వచ్చాయి. తుఫాను నుంచి బయటపడిన నావికులు చర్చిలో ఒక చిన్న ఓడను వేలాడదీసేవారు. మనవాళ్ళు కన్ను బాగైతే వెండి కళ్ళు సమర్పించుకున్నట్టే అన్నమాట. అలాంటిదే స్పెయిన్‌లోని మతారో ఊరి పేరుతో పిలిచే ఓడ. 15వ శతాబ్దం నాటిది, సుమారు మీటరు పొడవు, ఇప్పుడు నెదర్లాండ్స్‌లోని రోటర్‌డ్యామ్ మ్యూజియంలో ఉంది. కొలంబస్ 1492లో ఎక్కి వెళ్ళిన ఓడల డ్రాయింగ్ ఒక్కటీ మిగల్లేదు. ఆ కాలపు ఓడల పక్కటెముకలూ పలకలూ ఎలా ఉండేవని అడిగితే పరిశోధకులు వెళ్ళి చూసేవాటిలో ముఖ్యమైనది ఈ మొక్కుబడి బొమ్మే. దేవుడికిచ్చింది చరిత్రకి దక్కింది.

ఇక మన వృత్తికి దగ్గరైన కథ. 1607లో ఇంగ్లండ్‌లో ఫినియాస్ పెట్ అనే ఓడల మేస్త్రీ ఒక చిన్న నమూనా ఓడ చేసి అక్కడి నౌకాదళాధిపతికి చూపించాడు. ఆయన ద్వారా అది రాజు మొదటి జేమ్స్ దగ్గరికి వెళ్ళింది. రాజుగారు చూసి ముచ్చటపడి, అలాంటిదే పెద్దది కట్టమన్నారు. అలా 1610లో 'ప్రిన్స్ రాయల్' అనే భారీ యుద్ధనౌక నీళ్ళలోకి దిగింది. క్లయింటుకి డెమో చూపించి ప్రాజెక్టు కొట్టడం మనం కనిపెట్టిందేం కాదు :)

ఆ తర్వాత వంద, నూటయాభై ఏళ్ళ పాటు ఇంగ్లండ్‌లో 'నేవీ బోర్డ్ మోడల్స్' అనే అద్భుతమైన నమూనాలు తయారయ్యాయి. ఎక్కువగా 1:48 కొలత, అంటే అసలు ఓడలో అడుగు ఇక్కడ పావు అంగుళం. వీటిలో చాలావాటికి కింది భాగంలో పలకలు కొట్టకుండా వదిలేసేవారు, లోపలి పక్కటెముకలు కనిపించేలా. డైరీ రాసి పేరు తెచ్చుకున్న శామ్యూల్ పీప్స్ నౌకాదళ కార్యాలయంలో పనిచేసేవాడు, ఆయనకీ ఈ మోడల్స్ అంటే పిచ్చి. వీటిలో చాలా ఇప్పుడు గ్రీనిచ్‌లోనూ, అమెరికాలో అనాపొలిస్‌లోనూ ఉన్నాయి. అసలు ఓడలు ఒకటీ అరా తప్ప లేవు.

మోడల్ గానీ కాగితం గానీ లేకుండా కడితే ఏమవుతుంది? స్వీడన్ వాళ్ళ 'వాసా' కథ వినండి. మేస్త్రీ హెన్రిక్ హైబర్ట్‌సన్ కొలతలన్నీ బుర్రలో పెట్టుకుని పని మొదలెట్టాడు, జబ్బుపడ్డాడు, 1627లో ఓడ పూర్తికాకుండానే పోయాడు. కేటీ లేదు, డాక్యుమెంటేషన్ లేదు. బయల్దేరే ముందు టెస్టింగ్ జరిగింది, అది నిజం. 30 మందిని డెక్ మీద ఇటు నుంచి అటు పరిగెత్తించారు. మూడుసార్లు పరిగెత్తేసరికే ఓడ ఊగిపోతుంటే, అక్కడున్న అధికారి ఆపించేశాడు. టెస్టు ఆపారు గానీ ఓడని ఆపలేదు. రాజుగారి డెడ్‌లైన్ కదా! 1628 ఆగస్టు 10న రేవు నుంచి కిలోమీటరు దాటి కొంచెం దూరం వెళ్ళిందో లేదో, గాలికి ఒరిగి మునిగిపోయింది. దాదాపు 30 మంది చనిపోయారు. విచారణలో ఎవరికీ శిక్ష పడలేదు. ఈ పేరా చదువుతుంటే మీకు ఏదో రిలీజ్ గుర్తొస్తే ఆ పాపం నాది కాదు.

అయితే చిన్న బొమ్మ చేసి నీళ్ళలో లాగి చూస్తే పెద్ద ఓడ సంగతి తెలిసిపోతుందా? తెలియదు. ఈ విషయం మీద పెద్ద గొడవే జరిగింది. 19వ శతాబ్దంలో ఆవిరి ఓడలొచ్చాయి. ఇంత వేగం కావాలంటే ఎంత ఇంజను పెట్టాలి అన్నది ఓడ కట్టి నడిపితే గానీ తేలేది కాదు. చిన్న మోడల్స్‌తో ప్రయోగాలు చేస్తే లెక్క తప్పేది. అందుకే చాలామంది నిపుణులు మోడల్స్‌ని నమ్మడం మానేశారు.

విలియం ఫ్రూడ్ (1810-1879) మాత్రం మానలేదు. బ్రూనెల్ దగ్గర రైలు మార్గాల పనిచేసిన ఇంజనీరు. 1867లో ఇంగ్లండ్‌లోని డార్ట్ నది మీద 'స్వాన్', 'రేవెన్' అనే రెండు ఆకారాలను 3, 6, 12 అడుగుల సైజుల్లో చేసి లాగించి చూశాడు. రేవెన్ ముక్కు కోసుగా ఉంటుంది, స్వాన్‌ది బొద్దుగా. కోసుగా ఉన్నదే ఎప్పుడూ సులువుగా పోతుందని అప్పటి పండితుల నమ్మకం. వేగం పెరిగాక బొద్దుదే తేలిగ్గా పోయింది!

అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి గమనించాడు. చిన్న పడవ, పెద్ద పడవ లేపే అలలు ఒకేలా ఉండాలంటే, వేగాల నిష్పత్తి పొడవుల నిష్పత్తికి వర్గమూలం కావాలి. ఉదాహరణకి 100 మీటర్ల ఓడ 20 నాట్ల వేగంతో పోవాలి. 1:25 మోడల్ చేస్తే అది 4 మీటర్లు. దాన్ని 20 నాట్లతో లాగితే తప్పు. 25తో భాగించి 0.8 నాట్లతో లాగినా తప్పే. 25కి వర్గమూలం 5 కాబట్టి 4 నాట్లతో లాగాలి. అప్పుడు అలల వల్ల కలిగే నిరోధం కొలిచి, 25 ఘనం, అంటే 15,625తో గుణిస్తే పెద్ద ఓడకి పడే నిరోధం దాదాపుగా వస్తుంది. నీటి రాపిడి మాత్రం ఈ సూత్రానికి లొంగదు. దానికోసం ఫ్రూడ్ రకరకాల పొడవుల పలకల్ని నీళ్ళలో లాగి వేరే లెక్క కట్టాడు. ఒక జటిలమైన సమస్యని రెండుగా విడగొట్టి, ఒకదాన్ని కొలిచి రెండోదాన్ని లెక్కగట్టడం... అదీ ఆయన గొప్పతనం. అంతకుముందు వాళ్ళు తప్పింది మోడల్ చిన్నదైనందుకు కాదు, దాన్ని తప్పు వేగంతో లాగి దాని మాట తప్పుగా విన్నందుకు. పది మంది యూజర్లతో బాగా నడిచిన అప్లికేషన్ పది లక్షల మందికి నడవదని మనకి తెలుసు. ఎంత పెంచితే ఏది ఎన్ని రెట్లవుతుందో తెలియాలి. ఓడల విషయంలో ఆ లెక్క తేల్చింది ఆయన.

బ్రిటిష్ నౌకాదళం 2,000 పౌండ్లు ఇస్తే, 1872 నాటికి టార్కీ ఊళ్ళో తన ఇంటి పక్కనే 278 అడుగుల నీటి తొట్టి సిద్ధం చేశాడు. మోడల్స్‌ని పారఫిన్ మైనంతో చేసేవాడు. పని అయిపోతే కరిగించి మళ్ళీ పోసుకోవచ్చు. 'గ్రేహౌండ్' అనే నిజం ఓడని ఇంకో ఓడతో లాగించి, తాడు మీద పడే బలం కొలిచి, మోడల్ చెప్పినదాంతో పోల్చి చూపించాడు. ఇక వాదించేవాళ్ళకి మాట లేకుండా పోయింది. ఈరోజు కంప్యూటర్లో ఎంత సిమ్యులేషన్ చేసినా, చివరికి మోడల్‌ని తొట్టిలో లాగి చూడటం మానలేదు. మన విశాఖపట్నంలో నౌకాదళం కోసం పనిచేసే ఎన్‌ఎస్‌టీఎల్ ప్రయోగశాలలో 500 మీటర్ల తొట్టి ఉంది. పెదనాన్నగారూ, ఈ బొమ్మలు తేలతాయండీ!

బొమ్మలు యుద్ధంలోనూ పనికొచ్చాయి. 1942లో లివర్‌పూల్‌లో కెప్టెన్ గిల్బర్ట్ రాబర్ట్స్ ఒక గది నేల మీద గళ్ళు గీయించి, దాన్నే అట్లాంటిక్ సముద్రం అన్నాడు. దాని మీద చిన్న చెక్క ఓడలు. నౌకాదళంలోని యువతులు వాటిని జరుపుతుంటే, అధికారులు గుడ్డ తెరలకున్న సందుల్లోంచి మాత్రమే చూస్తూ నిర్ణయాలు చెప్పాలి, ఎందుకంటే సముద్రం మీద వాళ్ళకి కనిపించేది అంతే. జర్మన్ జలాంతర్గాములు ఎలా దాడి చేస్తున్నాయో ఆ నేల మీదే ఛేదించి, ఎదుర్కొనే ఎత్తులు కనిపెట్టారు. వేలమంది అధికారులు అక్కడ శిక్షణ పొంది వెళ్ళారు.

నన్ను అన్నిటికన్నా కదిలించినవి మాత్రం ఎముకల ఓడలు. నెపోలియన్ యుద్ధాల్లో పట్టుబడ్డ ఫ్రెంచి ఖైదీలు ఇంగ్లండ్‌లోని నార్మన్ క్రాస్ వంటి శిబిరాల్లో ఏళ్ళ తరబడి ఉండిపోయారు. తిండిలో వచ్చిన మాంసం ఎముకల్ని ఉడకబెట్టి, శుభ్రం చేసి, చెక్కి ఓడలు చేశారు. తాళ్ళకి కొన్నిట్లో మనుషుల జుట్టే వాడారు. వాటిని శిబిరం గేటు దగ్గర సంతలో అమ్ముకునేవారు. జ్ఞాపకం మీద చేసినవి కాబట్టి కొలతలు సరిగ్గా ఉండవు, తెరచాప కొయ్యలు ఉండాల్సినదానికన్నా పొడవుగా ఉంటాయి. అవి ఓడ గురించి చెప్పే సాక్ష్యాలు కావు, ఇంటికెళ్ళలేని మనిషి గురించి చెప్పేవి.

ఇక అభిరుచి కోసం చేసేవి సరేసరి. పక్కటెముకల మీద సన్న పలకలు ఒక్కోటీ అంటించే చెక్క కిట్లు, ప్లాస్టిక్ కిట్లు, నీటి మట్టం పైభాగం మాత్రమే ఉండే 1:700 యుద్ధనౌకలు, చెరువులో నడిపే రిమోట్ ఓడలు. సీసాలో ఓడ ఎలా పట్టిందని చిన్నప్పుడు నేను తెగ ఆలోచించేవాణ్ణి. కొయ్యలు మడిచి లోపలికి దూర్చి, దారం లాగితే లేచి నిలబడతాయి. అంతే!

చివరగా మన సంగతి. శాతవాహన యజ్ఞశ్రీ నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ ఉంది. 13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయశాసనం చదివితే, ఏ సరుకు మీద ఎంత సుంకమో తెలుస్తుంది. కాకినాడ దగ్గర కోరంగిలో ఓడలు కట్టేవారు, 1839 తుఫానుకి ఆ రేవు తుడిచిపెట్టుకుపోయింది. సుంకం లెక్క దొరికింది, ఓడ కొలత దొరకలేదు. ఎందుకంటే మన మేస్త్రీల విద్య కంటి మీదా చేతి మీదా నడిచింది. తండ్రి నుంచి కొడుక్కి, అంతే. కొడుకు వేరే పనికి పోతే అక్కడితో సరి.

కోరమాండల్ తీరపు పడవల్ని శ్రద్ధగా కొలిచి గీసినవాళ్ళలో ఒకడు ఫ్రెంచి నౌకాదళ అధికారి ఎడ్మండ్ పారిస్. 1840ల్లో ఆయన యూరప్ బయటి దేశాల పడవల మీద పెద్ద గ్రంథం వేశాడు. 1871 నుంచి పారిస్ నగరంలోని నౌకా మ్యూజియం అధిపతిగా ఉండి, తను గీసిన కొలతలతో మోడల్స్ చేయించి పెట్టించాడు. మన తీరం పడవల గురించి తెలుసుకోవాలంటే ఒక ఫ్రెంచాయన నోట్సు తిరగేయాలి!

మేకు లేకుండా కొబ్బరి తాడుతో పలకలు కుట్టిన పడవల్ని మన తీరంలో చూసిన పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. ఇప్పుడు ఎటు చూసినా ఫైబర్ పడవలే, అందులో తప్పేమీ లేదు, బతుకుతెరువు కదా. కానీ మన దగ్గర ఫోన్లో కెమెరా ఉంది, టేపు ఉంది, త్రీడీ ప్రింటర్లున్న స్నేహితులున్నారు. సెలవుల్లో సముద్రం ఊళ్ళకి వెళ్ళేవాళ్ళు ఒక్క పాత పడవ పొడవు, వెడల్పు, లోతు, పక్కటెముకల మధ్య దూరం రాసుకొచ్చి, కట్టిన మేస్త్రీ మాటలు రికార్డు చేసి, మూరెడు మోడల్ చేసినా చాలు. మనకి అది వారాంతం పని. ఆ పడవకి అది రెండో జన్మ.

నేనైతే ఈ సంక్రాంతికి టేపు పట్టుకుని కాకినాడ వెళ్తున్నాను. మోడల్ పూర్తయితే ముందు చూపించేది పెదనాన్నగారికే. తేలుతుందా అని అడిగితే, అది మునగకుండా ఉండటానికే చేశానండీ అని చెబుతాను.