వెంకీస్ – బ్లాక్‌బర్న్ రోవర్స్: విదేశీ యాజమాన్యం, ఖర్చు నిబంధనలు

బ్లాక్‌బర్న్ రోవర్స్ ఇంగ్లండ్‌లోని లాంకషైర్ ప్రాంతపు ఫుట్‌బాల్ క్లబ్బు. 1875లో పుట్టింది. 1888లో ఫుట్‌బాల్ లీగ్‌ను ప్రారంభించిన 12 క్లబ్బుల్లో ఇదొకటి. 2010 నవంబరు నుంచి ఇది వెంకటేశ్వర హ్యాచరీస్, అంటే వెంకీస్ కుటుంబం చేతిలో ఉంది. ప్రీమియర్ లీగ్ క్లబ్బును కొన్న మొదటి భారతీయ సంస్థ ఇదే. డబ్బున్న విదేశీయులు క్లబ్బులు కొనడం అనగానే అరబ్ షేకులూ రష్యా కుబేరులూ గుర్తొస్తారు గానీ, ఈ ఒక్క కథలో ఆ విదేశీయులు మన కోళ్ల వ్యాపారులు.

పెంటపాడు, తాడేపల్లిగూడెం, తణుకు వైపు ఫారాలవాళ్లకు వెంకీస్ గురించి చెప్పనక్కర్లేదు. కోడిపిల్లలు, మేత, టీకాలు అన్నింట్లో ఆ పేరు ఉంటుంది. గుడ్ల కోసం పెంచే బీవీ-300 రకం కోడి వాళ్లదే. బండా వాసుదేవరావు 1971లో హైదరాబాదులో ఈ సంస్థను స్థాపించారు. తర్వాత కేంద్రం పుణెకు మారింది. దళారులు చెప్పిన ధరకే గుడ్లు అమ్ముకోవాల్సిన రోజుల్లో ఆయన రైతులను కూడగట్టగా, 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సంఘం (నెక్) ఏర్పడింది. పశ్చిమ గోదావరి ఫారాల్లో నేటికీ రోజూ చూసుకునే ‘నెక్ రేటు’ అక్కడిదే. 1996లో ఆయన మరణించాక వ్యాపారం కూతురు అనురాధా దేశాయ్, కొడుకులు వెంకటేశ్‌రావు, బాలాజీరావుల చేతికి వచ్చింది. క్లబ్బును కొన్నది ఈ ముగ్గురే.

వాళ్ల చేతికి వచ్చిన క్లబ్బు కూడా డబ్బుతో ఎదిగినదే. స్థానిక ఉక్కు వ్యాపారి జాక్ వాకర్ 1991లో దాన్ని తీసుకుని, మేనేజరుగా కెన్నీ డాల్గ్లీష్‌ను తెచ్చాడు. 1992లో అలన్ షియరర్ కోసం అప్పటి బ్రిటిష్ రికార్డు ధర చెల్లించాడు. 1994–95లో రోవర్స్ ప్రీమియర్ లీగ్ గెలిచింది. ఎంత ఖర్చు పెట్టావని అడిగే నిబంధన అప్పట్లో లేదు. సొంత ఊరివాడు కాబట్టి అభిమానులూ అడగలేదు. 2000లో వాకర్ మరణించాక అతని కుటుంబ ట్రస్టు కొన్నేళ్లు నడిపి, కొనేవారి కోసం వెతికింది.

ఈలోగా ఆట ఆర్థిక స్వరూపం మారింది. 1997లో మొహమ్మద్ అల్ ఫయద్ ఫుల్‌హామ్‌ను, 2003లో రోమన్ అబ్రమోవిచ్ చెల్సీని, 2008లో అబుధాబి పాలక కుటుంబీకుడు మాంచెస్టర్ సిటీని కొన్నారు. 2005లో గ్లేజర్ కుటుంబం అప్పుతో మాంచెస్టర్ యునైటెడ్‌ను కొని, ఆ అప్పును క్లబ్బు నెత్తినే పెట్టింది. 2010 ఫిబ్రవరిలో పోర్ట్స్‌మత్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ప్రీమియర్ లీగ్‌లో ఉండగా ఆ గతి పట్టిన మొదటి క్లబ్బు అది. ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్య ‘ఫైనాన్షియల్ ఫెయిర్ ప్లే’ నిబంధనలు తయారైంది ఈ వాతావరణంలోనే. ఆటలో సంపాదించిన దాన్ని మించి ఖర్చు పెట్టకూడదు, యజమాని జేబు లోతుగా ఉందని నష్టాలు పెంచుకోకూడదన్నది వాటి సారం.

2010 నవంబరు 19న వెంకీస్ సుమారు 2.3 కోట్ల పౌండ్లకు క్లబ్బును కొన్నారు. పాత అప్పు అదనం. నెల తిరక్కుండానే మేనేజర్ శామ్ అలర్డైస్‌ను తీసేసి, మొదటి జట్టు శిక్షకుడు స్టీవ్ కీన్‌కు పగ్గాలిచ్చారు. అసలు దెబ్బ ఇక్కడే తగిలిందని చెప్పాలి. యజమానులు పుణెలో, ఆట లాంకషైర్‌లో. మధ్యలో నమ్ముకున్నది ఏజెంట్ల సలహాను. 2012 మే 7న సొంత మైదానం ఈవుడ్ పార్క్‌లో విగాన్ చేతిలో ఓడి రోవర్స్ కింది డివిజన్‌కు జారింది. ఆ మ్యాచ్‌లో అభిమానులు క్లబ్బు జెండా కప్పిన కోడిని మైదానంలోకి వదిలారు. కోళ్ల వ్యాపారులకు అంతకన్నా సూటిగా నిరసన తెలపడం కష్టం. ఆ తర్వాత వచ్చిన మేనేజర్లలో హెన్నింగ్ బెర్గ్ 57 రోజులు, మైకేల్ యాపిల్టన్ 67 రోజులు ఉన్నారు.

మళ్లీ పైకి రావాలని డబ్బు కుమ్మరించారు. జోర్డన్ రోడ్స్ ఒక్కడికే 80 లక్షల పౌండ్లు పెట్టారు. 2013–14లో నష్టం 4 కోట్ల పౌండ్లు దాటింది. అదే తరహా ఖర్చు నిబంధన కింద ఆ ఏడాది చాంపియన్‌షిప్‌లో, అంటే రోవర్స్ ఆడుతున్న రెండో అంచెలో, అనుమతించిన నష్టం 80 లక్షలు మాత్రమే. దాంతో 2014 డిసెంబరులో లీడ్స్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌లతో పాటు రోవర్స్‌పైనా ఆటగాళ్ల కొనుగోలు ఆంక్షలు పడ్డాయి. 2017లో మూడో అంచెకు పడిపోయింది. ప్రీమియర్ లీగ్ గెలిచిన జట్టు అంత కిందికి జారడం అదే తొలిసారి. టోనీ మౌబ్రే ఆధ్వర్యంలో మరుసటి ఏడాదే తిరిగి వచ్చింది.

తర్వాత చాంపియన్‌షిప్‌లో లెక్క మూడేళ్లకు మారింది: మూడేళ్లలో 3.9 కోట్ల పౌండ్ల వరకు నష్టాన్ని అనుమతించారు. ప్రీమియర్ లీగ్‌లో అప్పట్లో అది 10.5 కోట్లు. యువ ఆటగాళ్ల అకాడమీ ఖర్చు లెక్కలోకి వచ్చేది కాదు. అకాడమీలో పెరిగినవాణ్ని అమ్మితే వచ్చిందంతా లాభమే. 2024 ఫిబ్రవరిలో ఆడమ్ వార్టన్‌ను క్రిస్టల్ ప్యాలెస్‌కు అమ్మడం వెనుక ఈ గణితమూ ఉంది. బ్లాక్‌బర్న్‌లోనే పుట్టి అదే అకాడమీలో ఎదిగిన కుర్రాడు! ఊరి పిల్లల్ని నిలుపుకోవడం కన్నా అమ్ముకోవడం లాభసాటి అయ్యేలా నిబంధన రాయడం వింతే.

కుటుంబం ఇప్పటిదాకా 20 కోట్ల పౌండ్లకు పైగా క్లబ్బులో పెట్టింది. దొంగ సొమ్ము దాచుకోవడానికో, పేరు కడుక్కోవడానికో కొన్నారనే ఆరోపణ వీళ్ల మీద బలంగా రాలేదు. ఆట తెలియదన్నదే ప్రధాన ఫిర్యాదు. యజమానులకు పెట్టే అర్హత పరీక్ష నేరచరిత్ర, దివాలా వంటివి చూస్తుంది గానీ ఆట తెలుసా అని అడగదు. చివరికి ఆంక్ష స్వదేశం నుంచి కూడా వచ్చింది. ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ విచారణ నడుస్తుండటంతో, క్లబ్బుకు సొమ్ము పంపాలంటే ఢిల్లీ హైకోర్టు అనుమతి తీసుకోవాల్సి వచ్చింది. 2023లో కోర్టు బ్యాంకు గ్యారంటీ షరతు పెట్టింది. ఖర్చు చేయడానికి లీగ్ ఒప్పుకున్న మేరకైనా డబ్బు వస్తుందా అన్న ప్రశ్న అప్పటినుంచి లాంకషైర్‌లో నలిగింది. బ్రిటన్‌లో 2025 జులైలో ఆమోదం పొందిన ఫుట్‌బాల్ పాలన చట్టం యజమానులను, వాళ్ల డబ్బు మూలాలను పరిశీలించే స్వతంత్ర నియంత్రణ సంస్థకు చట్టబద్ధత కల్పించింది.

యజమాని నుంచి డబ్బు వస్తుందా అన్న ప్రశ్న తెలుగు నేలమీద మరో రూపంలో ఎదురైంది. 2019లో పుణె సిటీ జట్టు స్థానంలో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ, గచ్చిబౌలి స్టేడియం సొంత మైదానంగా, 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఆ తర్వాత జీతాల బకాయిలు పేరుకుపోయి, కొత్త ఆటగాళ్ల నమోదుపై ఫిఫా నిషేధం పడింది. మంచి ఆటగాళ్లు వెళ్లిపోయారు. 2024లో జట్టు బీసీ జిందాల్ గ్రూపు చేతికి వెళ్లింది. 2025లో ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకుంది.