అవసరానికి స్వయంపాలన: దక్షిణ కుర్దిస్థాన్‌లో బ్రిటిష్ విధానం, 1918–1932

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత కుర్దుల గతి గురించి రాసేవారు చాలావరకు రెండు ఒప్పందాల మధ్యే కథ నడుపుతారు. 1920 ఆగస్టు 10 నాటి సెవ్ర్ ఒప్పందం వారికి స్వయంపాలన ప్రకటించి, ఏడాది తర్వాత నానాజాతి సమితిని ఒప్పించగలిగితే స్వాతంత్ర్యం కూడా దక్కవచ్చునని ఆశపెట్టింది. 1923 జులై 24 నాటి లోజాన్ ఒప్పందం వారి పేరైనా ఎత్తలేదు. కాబట్టి మాట ఇచ్చి తప్పారన్నది తీర్పు. అందులో అబద్ధం లేదు గానీ, తాము ఏం మాట ఇస్తున్నారో బ్రిటిష్ వారికి స్పష్టంగా తెలుసునన్న భ్రమను ఈ కథనం కలిగిస్తుంది. పారిస్, లోజాన్‌ల నుంచి చూపు మళ్లించి సులేమానియా పట్టణం నుంచి చూస్తే వేరే సంగతి బయటపడుతుంది. అక్కడ పద్నాలుగేళ్లపాటు స్థిరమైన కుర్దు విధానమంటూ ఏదీ లేదు. టర్కీ ఒత్తిడి పెరిగినప్పుడు స్వయంపాలన మాట ముందుకొచ్చింది, ఒత్తిడి తగ్గగానే అటకెక్కింది. ఈ వ్యాసం వాదన ఇదే.

1918 అక్టోబర్ 30న ముద్రోస్‌లో యుద్ధ విరమణ ఒప్పందం కుదిరిన తర్వాతే బ్రిటిష్ సేనలు మోసుల్ పట్టణంలోకి వెళ్లాయి. యుద్ధం మధ్యలో జరిగిన సైక్స్–పీకో పంపకం ప్రకారం మోసుల్ ఫ్రాన్సుకు చెందాలి. డిసెంబర్‌లో లండన్ వచ్చిన ఫ్రెంచ్ ప్రధాని క్లెమన్సో దాన్ని లాయిడ్ జార్జికి వదిలేశాడు. చేతికైతే వచ్చింది గానీ, కొండల్లో సైన్యాన్ని నిలిపే స్తోమత బాగ్దాద్‌కు లేదు. నవంబర్‌లో మేజర్ నోయెల్‌ను సులేమానియా పంపారు. ఖాదిరీ సూఫీ పరంపరలో పేరున్న బర్జంజీ వంశీకుడు షేక్ మహమూద్‌ను అతను హుకుమ్‌దారుగా నియమించాడు. డిసెంబర్ 1న తాత్కాలిక సివిల్ కమిషనర్ ఆర్నాల్డ్ విల్సన్ స్వయంగా వచ్చి, దాదాపు నలభై మంది తెగల పెద్దలను కలిశాడు. వారు బ్రిటిష్ రక్షణ కోరుతూ సంతకాలు చేశారు. గ్రేటర్ జాబ్ నది నుంచి దియాలా నది వరకు ఏ కుర్దు తెగైనా ఇష్టపడితే షేక్ నాయకత్వం కిందికి రావచ్చని విల్సన్ రాసిచ్చాడు. కిర్కుక్, కిఫ్రీ పెద్దలు మాత్రం షేక్ మాకొద్దన్నారు. మొదటి రోజు నుంచే ఉన్న ఈ చీలికను అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో భారతీయ పాఠకుడికి వేరే చెప్పనక్కర్లేదు. మెసొపొటేమియా పాలన నడిపిన పెర్సీ కాక్స్, విల్సన్ ఇద్దరూ భారత ప్రభుత్వ రాజకీయ శాఖలో పనిచేసినవారే. అక్కడ చెలామణీ అయిన నాణెం మన రూపాయి. 1916లో తెచ్చిన తెగల వివాదాల నిబంధనకు వాయవ్య సరిహద్దు నేరాల చట్టం మూస. బలూచిస్థాన్‌లో రాబర్ట్ శాండ్‌మన్ సర్దార్లకు భత్యాలిచ్చి, వారి చేతనే వారి మనుషులను అదుపులో పెట్టించిన పద్ధతినే కుర్దు కొండలకు ఎక్కించారు. హలబ్జాలో జాఫ్ తెగను శాసించిన ఆదిలా ఖానుమ్‌కు బ్రిటిష్ వారు ఇచ్చిన బిరుదు ‘ఖాన్ బహదూర్’. మన దగ్గర ముస్లిం ప్రముఖులకు, అదీ మగవారికి, పంచిపెట్టిన బిరుదే అది. కాకపోతే శాండ్‌మన్‌కు తెగకొక సర్దారు దొరికాడు. ఇక్కడ జాఫ్ వంటి తెగలు, పట్టణ వర్తకులు, సూఫీ పీఠాలు ఒకరి మాట ఒకరు వినేవారు కారు. వీరందరి మీదా ఒక్క షేక్‌ను కూర్చోబెట్టడమంటే అతనికి లేని బలాన్ని ఖజానా నుంచి అరువివ్వడమే.

అరువు త్వరలోనే వెనక్కి తీసుకున్నారు. 1919 వసంతంలో నోయెల్ స్థానంలో మేజర్ సోన్ వచ్చాడు. ఇంపీరియల్ బ్యాంక్ ఆఫ్ పర్షియాలో ఉద్యోగం చేసినవాడు, కుర్దు భాష క్షుణ్ణంగా తెలిసినవాడు, యుద్ధానికి ముందు పర్షియన్ వేషంలో ఆ ప్రాంతమంతా తిరిగినవాడు. షేక్ అధికారాన్ని అతను ఒక్కొక్క ముక్కగా కోసేశాడు. మే నెలలో షేక్ తిరగబడి పట్టణాన్ని చేజిక్కించుకున్నాడు. జూన్‌లో బజియాన్ కనుమ దగ్గర గాయపడి పట్టుబడ్డాడు. మరణశిక్ష వేసి, తర్వాత తగ్గించి, భారతదేశానికి ప్రవాసం పంపారు. విచిత్రమేమంటే, కుర్దు నాయకుడిని కూలదోసిన సోనే కుర్దు భాషను కచేరీ భాషగా నిలబెట్టాడు. 1920లో ‘పేష్‌కౌతిన్’ అనే వారపత్రికను అచ్చు వేయించాడు. ఆ చిన్న అచ్చుయంత్రం సంగతి మళ్లీ వస్తుంది.

1921 మార్చిలో చర్చిల్ జరిపిన కైరో సమావేశంలో కుర్దు ప్రశ్న తొలిసారిగా ముఖాముఖి చర్చకు వచ్చింది. చర్చిల్, లారెన్స్, హ్యూబర్ట్ యంగ్, నోయెల్ ఒకవైపు. అరబ్బు రాజ్యానికీ టర్కీకీ నడుమ కుర్దు ప్రాంతాన్ని వేరుగా నిలపాలన్నది వారి మాట. కాక్స్, గెర్ట్రూడ్ బెల్ మరోవైపు. ఆర్థికంగా ఆ ప్రాంతం బాగ్దాద్‌తో ముడిపడి ఉందని వారు పట్టుబట్టారు. సమావేశం వేరుగా నిలపడానికే మొగ్గింది. అమలు చేయవలసింది మాత్రం కాక్సే. ఇరాక్ సింహాసనానికి బ్రిటిష్ వారు ఎంచుకున్న ఫైసల్ లెక్క ఇంకొకటి: కుర్దులు బయటికి పోతే రాజ్యాంగ సభలో షియాల ముందు సున్నీలు మరీ తక్కువైపోతారని అతని భయం. ఆగస్టులో అతన్ని రాజుగా ఒప్పుకుంటారా అని జనాన్ని అడిగినప్పుడు సులేమానియా ఆ తంతులో పాల్గొననే లేదు, కిర్కుక్ కాదంది. అయినా 23న పట్టాభిషేకం జరిగిపోయింది. కైరో నిర్ణయాన్ని ఎవరూ రద్దు చేయలేదు. ఫైళ్లలో దాని ఊపిరి అదే ఆగిపోయింది. లోజాన్ కన్నా ఈ ఏడాదే కుర్దుల పాలిట అసలైన మలుపని నా అంచనా.

1922లో టర్కీ అధికారి ఓజ్‌దెమిర్ రవాండుజ్‌లో తిష్ఠవేసి తెగలను కూడగట్టడంతో పాత మందు మళ్లీ అవసరమైంది. సెప్టెంబర్ 5న బ్రిటిష్ సిబ్బంది విమానాల్లో సులేమానియా ఖాళీ చేశారు. అదే నెలలో, మూడేళ్ల కింద ఉరిశిక్ష వేసిన షేక్ మహమూద్‌ను ప్రవాసం నుంచి రప్పించి అక్కడే కూర్చోబెట్టారు. నవంబర్ కల్లా అతను కుర్దిస్థాన్ రాజునని ప్రకటించుకున్నాడు. సోన్ నాటి యంత్రం మీదే ఇప్పుడు ‘రోజీ కుర్దిస్థాన్’ అచ్చయింది. డిసెంబర్‌లో, లోజాన్ చర్చలు నడుస్తుండగా, ఇరాక్ సరిహద్దుల లోపల ప్రభుత్వం ఏర్పరచుకునే హక్కు కుర్దులకు ఉందని బ్రిటన్, ఇరాక్ ఉమ్మడిగా ప్రకటించాయి. తేదీ చూస్తేనే ఉద్దేశం తెలుస్తుంది.

షేక్ టర్కులతోనూ మంతనాలు సాగిస్తున్నాడని తేలగానే ఆట ముగిసింది. అప్పటికి ఇరాక్ సైనిక బాధ్యత రాయల్ ఎయిర్ ఫోర్స్ చేతికి వెళ్లింది. 1923 ఫిబ్రవరిలో వానలకు దారులు బురదైపోయిన వేళ, కింగర్బాన్ నుంచి కిర్కుక్‌కు దాదాపు 500 మంది సైనికులను వెర్నన్ విమానాల్లో చేరవేశారు. వారు సిక్కులు. యుద్ధ ప్రాంతానికి సైన్యాన్ని గాలిమీదుగా తరలించిన తొలి ఘట్టాల్లో ఇదొకటి. సులేమానియా మీద బాంబులు పడ్డాయి. షేక్ జాసనా గుహలోకి పారిపోతూ అచ్చుయంత్రాన్ని కూడా తీసుకుపోయి, అక్కడి నుంచి ‘బాంగీ హఖ్’ వెలువరించాడు. 1924లో పట్టణాన్ని మళ్లీ బాంబులతో కొట్టి, జులైలో సైన్యాన్ని దింపారు.

ఇక కుర్దులు మిగిలింది మోసుల్ టర్కీదా, ఇరాక్‌దా అన్న వాదనకు పనికొచ్చే సాక్ష్యంగానే. లోజాన్‌లో కర్జన్ కుర్దులు టర్కులు కారన్నాడు. అంకారా ప్రభుత్వం కుర్దులది కూడానని టర్కీ తరఫున ఇస్మెత్ పాషా బదులిచ్చాడు. ఆ గదిలో కుర్దుల ప్రతినిధి ఎవరూ లేరు. 1925లో నానాజాతి సమితి పంపిన ముగ్గురు సభ్యుల సంఘం, జాతి ఒక్కటే ప్రాతిపదికైతే స్వతంత్ర కుర్దు రాజ్యమే ఏర్పడాలని, మోసుల్ విలాయత్ (రాష్ట్రం) జనాభాలో ఎనిమిదింట ఐదు వంతులు కుర్దులేనని రాసింది. రాసి, విలాయత్‌ను ఇరాక్‌కే ఇవ్వమంది. షరతులు రెండు: సమితి తరఫున బ్రిటన్ నడిపే మాండేట్ పాలన 25 ఏళ్లు సాగాలి; కచేరీల్లో, బడుల్లో కుర్దు ఉద్యోగులు, కుర్దు భాష ఉండాలి. ఇదంతా నూనె కోసమేనని తేల్చేయడం సులువు. 1925 మార్చిలో టర్కిష్ పెట్రోలియం కంపెనీకి హక్కులు దక్కాయి, 1926 ఒప్పందంలో టర్కీకి నూనె రాయల్టీలో పదో వంతు ముట్టింది. నూనె ఆశ ఉన్నమాట నిజమే. కానీ బాబా గుర్గుర్ బావి పొంగింది 1927 అక్టోబర్‌లో; మోసుల్ ఎవరిదన్నది అప్పటికే తేలిపోయింది. కొండల కనుమలు లేకుండా బాగ్దాద్‌కు రక్షణ లేదన్న సైనిక లెక్కా, ఫైసల్ సింహాసనం లెక్కా నూనెకు తీసిపోనివి.

25 ఏళ్ల మాండేట్ ఏడేళ్లు తిరగకుండానే ముగిసింది. 1930 జూన్ నాటి ఆంగ్లో–ఇరాక్ ఒప్పందంలో కుర్దుల హామీల ప్రస్తావన లేదు. సెప్టెంబర్ 6న సులేమానియాలో నిరసనకు దిగిన జనం మీద సైన్యం కాల్పులు జరిపింది. షేక్ మహమూద్ చివరిసారి తిరగబడి 1931లో లొంగిపోయాడు. అదే ఏడు స్థానిక భాషల చట్టం వచ్చింది. సమితిలో సభ్యత్వం కోసం 1932లో ఇరాక్ కుర్దు భాషా హక్కుల మీద జెనీవాకు లిఖితపూర్వక హామీ ఇచ్చింది, అక్టోబర్ 3న సభ్యత్వం పొందింది. ఆ ఏడాదే బర్జాన్‌లో షేక్ అహ్మద్ తిరుగుబాటు అణచడానికి ఇరాక్ సైన్యం కొండలెక్కింది. దానికి దన్నుగా గ్రామాల మీద బాంబులు వేసినవి రాయల్ ఎయిర్ ఫోర్స్ విమానాలు.