మర్రే నది ఎండిన ఏళ్లలో మెర్బీన్

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రానికి వాయవ్య మూలన మిల్డ్యూరా ఉంది. ఏడాది పొడుగునా కురిసే వాన మూడు వందల మిల్లీమీటర్లకు లోపే. ఆ వానతో ద్రాక్ష పండదు. అక్కడ పండేదంతా మర్రే నది పుణ్యం. కాలిఫోర్నియా నుంచి వచ్చిన ఛాఫీ సోదరులు జార్జి, విలియం 1887లో మొదలుపెట్టి, నదికి పంపులు బిగించి, కాలువలు తవ్వించి ఆ ఊరికి ప్రాణం పోశారు. 1895కల్లా వాళ్ల కంపెనీ దివాలా తీసింది. జార్జి అమెరికాకు తిరిగిపోయాడు. విలియం అక్కడే ఉండి, 1926లో అక్కడే కన్నుమూశాడు. ఊరివాళ్లు ఆయనకు విగ్రహం పెట్టుకున్నారు. ఊరి పక్కనే ఉన్న మెర్బీన్‌లో ఇంకొకటి కూలింది. దాని గురించి ఇంత ఘనంగా ఎవరూ చెప్పుకోరు.

మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు ఆ చుట్టుపక్కల నేల ముక్కలు పంచారు. బ్లాకులు అంటారు వాటిని. అందరూ వేసింది సుల్తానా ద్రాక్ష. మన హైదరాబాదు చుట్టుపక్కల తోటల్లో థామ్సన్ సీడ్‌లెస్ పేరుతో పెరిగేదీ అదే. ఎండబెట్టి కిస్‌మిస్ చేసి అమ్మేవాళ్లు. నీళ్లు పారిన కొన్నేళ్లకే నేల తెల్లబడసాగింది. ఆ నేల అడుగున ఉప్పు ఉంది. పైన పారించిన నీరు కిందికి దిగి ఊటను లేపితే, ఊట ఆ ఉప్పును వేళ్ల దాకా మోసుకొచ్చింది. యుద్ధంలో చావు తప్పించుకున్న మనిషి తన తోట చవుడు తేలడం చూస్తూ కూర్చున్నాడు.

రైతులకు అండగా మొలిచిన మెర్బీన్ ప్రయోగశాలను 1927లో కేంద్ర ప్రభుత్వ పరిశోధన మండలి తన చేతికి తీసుకుంది. తర్వాత సి.ఎస్.ఐ.ఆర్.ఓ.గా పేరు మార్చుకున్నది ఆ మండలే. ఎ.వి. లయన్ నాయకత్వంలో అక్కడివాళ్లు ముందు పట్టుకున్నది ఉప్పునే. తోట కింద మట్టి గొట్టాలు పరిచి ఊటను బయటికి లాగితే చచ్చిన బ్లాకు మళ్లీ చిగురిస్తుందని చూపించారు. గుట్టుగా సాగిన పని అది. పత్రికలకు బొమ్మలు దొరికే రకం కాదు.

తర్వాతి తరంలో అలన్ ఆంట్‌క్లిఫ్ తీగల మీద పడ్డాడు. తోటల్లో తిరిగి మంచి కాపు కాసే సుల్తానా తీగలను ఏరాడు. 1965లో టరాంగో అనే రకం పుట్టించాడు. 1972లో స్పెయిన్‌లోని వేడి నేలల తీగ సుమోల్‌ను కాబెర్నే సావిన్యాన్‌తో కలిపాడు. సియెన్నా, టిరియన్ అనే రకాలు ఆ సంకరం నుంచే వచ్చాయి. వాతావరణ మార్పును తట్టుకోవడం ఎలా అని ఎవరూ సభలు పెట్టని రోజుల్లో, వేడిని ఓర్చుకునే తీగ కోసం ఒక మనిషి పుప్పొడి చల్లుతూ కూర్చున్నాడన్నమాట. ఆ తర్వాత రాబ్ వాకర్, పీటర్ క్లింగలెఫర్ వంటివాళ్లు ఏ వేరు మీద అంటుకడితే తీగలోకి ఉప్పు తక్కువగా ఎక్కుతుందో ఏళ్ల తరబడి కొలిచారు. నీరు తగ్గేకొద్దీ ఉన్న నీటిలో ఉప్పు పెరుగుతుంది గనుక కరువుకు సరైన జవాబుల్లో అదొకటి.

కరువు రానే వచ్చింది. 1997లో మొదలై పుష్కరం పాటు వదల్లేదు. 2007-08లో విక్టోరియా మర్రే రైతుకు దక్కింది తన హక్కు నీటిలో 43 శాతం. మరుసటి ఏడు 35 శాతం. అప్పటికే చట్టం నీటిని నేల నుంచి విడదీసింది. నీరు విడిగా కొనుక్కోవచ్చు, విడిగా అమ్ముకోవచ్చు. మామూలు ఏళ్లలో పదుల డాలర్లకు దొరికే మెగాలీటరు నీరు 2007లో వెయ్యి డాలర్లు దాటింది. కిస్‌మిస్ ధరకూ ఆ నీటి ధరకూ ఎక్కడా పొంతన లేదు.

సరిగ్గా ఆ సమయంలో, 2008 మే నెల బడ్జెట్‌లో, సి.ఎస్.ఐ.ఆర్.ఓ.కు నిధులు కోశారు. మెర్బీన్‌ను మూసేస్తామని సంస్థ ప్రకటించింది. పొదుపు లెక్కల్లో చిన్న ఊళ్ల కేంద్రాలే ముందు కనబడతాయి కాబోలు. శాస్త్రవేత్తల్లో కొందరు అడిలైడ్‌కు తరలారు. కొలత పరికరాలను లారీ ఎక్కించవచ్చు. పాతికేళ్లుగా ఒకే నేలలో, ఒకే ఉప్పులో పెంచి చూస్తున్న తీగను ఏ లారీ ఎక్కిస్తారు? పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడి ఆకు చూపించి అడిగే రైతును ఏ కాగితంలో రాస్తారు?

రైతుకూ అదే ఏడు ఒక కాగితం వచ్చింది. సెప్టెంబరులో ప్రభుత్వం చిన్న బ్లాకుల వాళ్లకు నిష్క్రమణ సాయం ప్రకటించింది. లక్షా యాభై వేల డాలర్ల దాకా ఇస్తారు. బదులుగా నీటి హక్కును ప్రభుత్వానికి అమ్మాలి, తీగలు పీకాలి, అయిదేళ్లు ఆ నేలకు నీరు పారించకూడదు. ఇల్లు మాత్రం ఉంచుకోవచ్చు. ఇది క్రూరమైన పథకమని అనలేను, అప్పుల్లో ఉన్నవాడికి అది ఊపిరే. కానీ తీగ నిలవడానికి దారి వెతికే చోటును మూసేసి, తీగ పీకడానికి డబ్బిచ్చిన ప్రభుత్వం ఒక్కటే. 2009 జనవరి చివర్లో మొదలై పది రోజులకు పైగా మిల్డ్యూరాలో పగటి ఎండ నలభై డిగ్రీలు దిగలేదు. ఏప్రిల్‌లో, పెట్టుబడిదారుల డబ్బుతో నది పొడవునా బాదం తోటలు పెంచిన టింబర్‌కార్ప్ కూడా కుప్పకూలింది. బాదం తోటలను వేరే కంపెనీలు కొనుక్కున్నాయి, అవి నిలిచాయి. బ్లాకులను కొనేవాడు లేడు.

2010లో వానలు పడ్డాయి. నది పొంగింది. 2010-11లో మర్రే రైతులకు నూరు శాతం నీరు ఇచ్చారు. నిష్క్రమణ సాయం తీసుకున్నవాళ్లకు అందులో చుక్క దక్కలేదు. వాళ్ల హక్కు ఎప్పుడో చేయి మారింది, అయిదేళ్ల షరతు ఇంకా తీరలేదు.