కణ మరణంలో మైటోకాండ్రియా పాత్ర: పరిశోధన చరిత్ర

కణానికి శక్తిని సమకూర్చే మైటోకాండ్రియాకు ఆ కణం మరణంలోనూ ముఖ్యమైన పాత్ర ఉందని 1990ల మధ్యలో గాని గట్టిగా రుజువు కాలేదు.

గ్రీకులో దారం, రేణువు అనే అర్థాలున్న మాటలు కలిపి 1898లో కార్ల్ బెండా ఈ కణాంగానికి పేరు పెట్టాడు. తర్వాతి అర్ధశతాబ్దమంతా శ్వాసక్రియ అధ్యయనానిదే. 1925లో డేవిడ్ కైలిన్ శ్వాసక్రియలో ఎలక్ట్రాన్లను మోసే ప్రోటీన్లైన సైటోక్రోమ్‌లను వర్ణించాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి హార్వర్డ్‌లో కండరం నుంచి కణపు ఇంధనమైన ఏటీపీని వేరుచేసి 1929లో ప్రకటించాడు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా దాన్ని కనుగొన్నాడు.

శ్వాసక్రియలో దారితప్పిన ఎలక్ట్రాన్ ఆక్సిజన్‌ను అంటుకుంటే సూపర్‌ఆక్సైడ్ పుడుతుంది. దాన్ని విరిచే ఎంజైమును 1969లో మెకార్డ్, ఫ్రిడోవిచ్ కనుగొన్నారు. ఇలాంటి చురుకైన అణువులు కణం అదుపు దాటి పేరుకోవడమే ఆక్సీకరణ ఒత్తిడి.

1972లో కెర్, విల్లీ, కరీ ముగ్గురూ కణం క్రమపద్ధతిలో చనిపోయే తీరుకు, ఆకులు రాలడమనే అర్థంలో, 'ఎపోప్టోసిస్' అని పేరు పెట్టారు. అలా చనిపోయే కణంలో మైటోకాండ్రియా చాలాసేపు చెక్కుచెదరనట్టే కనిపించేది. అందుకే అనుమానం అటు పోలేదు.

మలుపు 1996లో వచ్చింది. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో షియావ్‌డాంగ్ వాంగ్ బృందం హీలా అనే మానవ కణాలను చితక్కొట్టి, ఆ ద్రవంలో కాస్పేస్ అనే కోత ఎంజైమును మేల్కొలిపే పదార్థం కోసం వెతికింది. చివరికి తేలింది కైలిన్ నాటి సైటోక్రోమ్ సి. కణాలను చితక్కొట్టేటప్పుడు చక్కెర కలిపితే మైటోకాండ్రియా పగలదు, సైటోక్రోమ్ బయటికి రాదు, కాస్పేస్ లేవదు. సైటోక్రోమ్‌ను విడిగా కలిపితే మళ్లీ లేస్తుంది. ఇంత తేటైన నిరూపణ ఈ రంగంలో అరుదు. 1997లో అదే బృందం ఏపాఫ్-1 అనే ప్రోటీన్‌ను పట్టుకుంది. సైటోక్రోమ్ తగలగానే ఏడు ఏపాఫ్ అణువులు ఏడాకుల బండిచక్రంలా కూడి కాస్పేస్-9ను లేపుతాయి. ఈ కూర్పుకు ఏటీపీ గానీ, దాని దగ్గరి చుట్టం డీఏటీపీ గానీ కావాలి. చావడానికీ కణానికి సుబ్బారావు చూసిన ఇంధనమే అవసరమన్నమాట.

లోపలి పొరకు సైటోక్రోమ్‌ను పట్టి ఉంచేది కార్డియోలిపిన్ అనే కొవ్వు. హైడ్రోజన్ పెరాక్సైడ్ సాయంతో సైటోక్రోమే ఈ కొవ్వును ఆక్సీకరించి తన కట్టు తెంచుకుంటుందని 2005లో వలేరియన్ కగాన్ బృందం చూపింది. ఆక్సీకరణ ఒత్తిడికీ కణ మరణానికీ మధ్య ఉన్న ముఖ్యమైన లంకెల్లో ఇదొకటి.

కొవ్వు ఆక్సీకరణ మరో రకం కణ మరణానికీ దారితీస్తుంది. కాస్పేస్‌లతో పనిలేకుండా, ఇనుము వల్ల పొరల్లోని కొవ్వు ఆక్సీకరణ చెంది కణం చనిపోయే ఫెర్రోప్టోసిస్‌కు 2012లో కొలంబియా విశ్వవిద్యాలయంలోని డిక్సన్, స్టాక్‌వెల్ పేరు పెట్టారు.